నాలుగో కుందేలు

1956 ఆగస్టు, శుక్రవారం. ఎమ్మిగనూరు.

మద్రాసు నుంచి సెలవు మీద వచ్చి ఐదు రోజులైంది. అక్కడి వైద్య పరిశోధనశాలలో నేనేం నేర్చుకుంటున్నానో నాన్నకు ఇవాళే చెప్పగలిగాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే ఒక పోగు తెగింది. నేను వంగి ముడి వేశాను. ఆయన చేయి ఆపి చూశాడు.

“ఈ ముడి మనది కాదే. యాడ నేర్చుకుంటివి?”

కుందేలుకు మత్తిచ్చి, పొట్ట కోసి, మళ్లీ కుట్టేటప్పుడు వేసే ముడి అని చెప్పాను. మనుషులకు చేసే ముందు వాటి మీదే నేర్చుకోవాలని కూడా చెప్పాను. పక్కనే జొన్నలు చెరుగుతున్న అమ్మ చేట కింద పెట్టేసింది.

“మల్ల బతికినాయా?” అని నాన్న అడిగాడు.

“మూడు సచ్చిపోయినాయి నాయనా. నాలుగోది నేను బయల్దేరే రోజు లేచి గడ్డి తినింది.”

ఆ పని మానేసి ఇక్కడే ఉండిపోతానని చెప్పాలని వచ్చిన రోజు నుంచీ అనుకుంటున్నాను. అక్కడ ప్రతి సాయంత్రం చేతులు కడుక్కుంటూ ఈ ఇంటి మగ్గం చప్పుడు కోసం ఎంత తపించానో నాకే తెలుసు. ఇవాళ ఆ మాట నోటిదాకా వచ్చింది.

అంతలో నాన్నే అన్నాడు. “ఇప్పుడు దానికి గడ్డి ఎవురు ఏస్తాండారప్పా?”

తెలియదన్నాను. ఆయన మళ్లీ నేతలో పడ్డాడు.

ఆదోనిలో రైలు అందాలంటే రేపు పొద్దున బస్సుకే పోవాలి. ఇల్లు విడిచి పోవాలని లేదు. కానీ ఆ నాలుగోది బతికే ఉందో లేదో చూడాలని ఉంది.