మిగిలినదానిలో సగం

నాన్నా,

నువ్వున్న రోజుల్లో రాసినా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. అందుకే ఇప్పుడూ పైకి చదువుకుంటూ రాస్తున్నాను.

నీ మనవరాలికి గురుకులంలో సీటొచ్చింది. గిలకలదిండి నుంచి పరీక్ష రాసినవాళ్ళలో దీనికొక్కదానికే. ఆ పరీక్షలో ఇది తప్ప మన ఊరి పిల్లలంతా తప్పిన లెక్క ఒకటుంది. ఒక రైతు ధాన్యంలో మూడో వంతు విత్తనాలకు ఉంచి, మిగిలినదానిలో సగం అమ్మాక ఇరవై బస్తాలు మిగిలితే, మొత్తం ఎన్ని బస్తాలని. మిగతా పిల్లలు మొత్తంలోనే సగం తీసేసి నూట ఇరవై అన్నారు. ఇది ప్రశ్నపత్రం మీదే మూడు కుప్పలు గీసింది. చేపలు పంచేటప్పుడు నువ్వు పడవ వాటా ముందే పక్కకు లాగేసేవాడివి కదా, అలాగే ఒక కుప్ప తీసేసింది. మిగిలిన రెండింటిలో ఒకటి అమ్మేసింది. ఇంకా ఉన్న కుప్ప ఇరవై, కాబట్టి మొత్తం అరవై.

ఫలితం చెప్పడానికి ఇంటికొచ్చిన మాస్టారు ఆ కుప్పల బొమ్మ చూసి, "ఇలా ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"మా తాతండి."

"ఏ స్కూల్లో చెప్పేవారు?"

అది తడుముకోకుండా, "రేవులోనండి" అంది.