బావ రక్తంలో రెండు గీతలు

అక్కా,

నీ కొడుకు ఒళ్లు నొప్పులతో చనిపోయినప్పుడు, "నీ రక్తమే పాడుది" అని బావ నిన్ను ఎర్రబోరులోని ఇంటి నుంచి తరిమేశాడు. ఆ మాట మోస్తూనే నువ్వూ పోయావు.

ఈ రోజు బావ రెండో భార్యనూ, పాపనూ, తల్లినీ వెంటబెట్టుకుని నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌కు వచ్చాడు. పాపకు అవే నొప్పులు. పాపదీ, పాప తల్లిదీ, బావదీ రక్తం యంత్రంలో పెట్టాను. కరెంటు పారితే మంచి హిమోగ్లోబిన్, సికిల్ సెల్ అనే రక్తజబ్బుది విడిపోయి వేర్వేరు గీతలుగా నిలబడతాయి. పాపకు జబ్బు గీత ఒక్కటే. పాప తల్లికి రెండూ ఉన్నాయి. బావకూ రెండూ ఉన్నాయి.

ఆ గీతల అర్థం చెప్పగానే, "అమ్మ ముంగట చెప్పకు, మరదలా," అన్నాడు బావ.

తలుపు తెరిచి, బయట కూర్చున్న వాళ్లమ్మను పిలిచాను. "ఈ జబ్బు తల్లి ఒక్కదానితోని రాదత్తా. తండ్రి రక్తంల గూడ ఉండాలె. నీ కొడుకుకు ఉన్నది."

"ఏందిరా, అప్పుడు సచ్చిన పిలగానికి గూడ నీ రక్తం నుంచి వచ్చిందా?" అని ఆమె కొడుకును అడిగింది.

అతను తల దించుకున్నాడు. నోటితో చెప్పేదాకా నేను వదల్లేదు.

"అవునమ్మా," అన్నాడు.

పాపకు మందులు ఎలా వేయాలో ఓపిగ్గా చెప్పాను. వెళ్తూ వెళ్తూ బావ, నీ సమాధి దగ్గరికి వచ్చి దండం పెట్టుకుంటానన్నాడు.

రావద్దన్నాను. నువ్వయితే రానిచ్చేదానివేమో. నేను రానివ్వను.