తొమ్మిదో హుక్కు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాడు ఉత్తినే ఇచ్చాడు. పేజీకో పురుగు బొమ్మ. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, నాకిది చాలు.

ఇవాళ బండి ఎక్కాం. క్యారవాన్ అంటారు. లోపల మంచం, స్టవ్, ఫ్రిజ్, బాత్రూము అన్నీ ఉన్నాయి. ఓనరు కోటిరత్నం గారు. గుంటూరు బయట మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ ఆవిడదే. హోటల్ బాత్రూములంటే ఆవిడకి అసహ్యం. అందుకని ఇంటికే చక్రాలు పెట్టించుకున్నారు. మా ఆయన మాలిక్ డ్రైవరు, నేను వంట. ఇరవయ్యో తారీఖున శ్రీశైలం ప్రయాణం. అందాకా మేమిద్దరం బండిలోనే ఉండి, చుట్టుపక్కల ఊళ్లు తిప్పి, చెయ్యి అలవాటు చేసుకోవాలి.

షరతు ఒక్కటే. గోడకి చిల్లు పడకూడదు. మేకు కనిపించిన రోజున మొగుడూ పెళ్లాం దిగిపోవచ్చు అన్నారు, నవ్వుతూనే. ఆవిడ నవ్వుతూ అన్నవే జరుగుతాయని స్టోరేజీ వాచ్‌మన్ షఫీక్ తర్వాత నా చెవిలో వేశాడు.

నేను మటుకు ఊరుకున్నానా. ఫ్రిజ్‌లో బల్లి గుడ్లు పెట్టింది మేడం అన్నాను, నవ్వు బిగబట్టుకుని. ఆవిడ చెప్పులతోనే మంచం ఎక్కేశారు. చివరికి తెరిచి చూసుకుని, నీ నోట్లోంచి వచ్చేది ఒక్కటీ నమ్మకూడదమ్మాయ్ అన్నారు.

ఫిబ్రవరి 4

ఈ పని పోకూడదు. నాతో నేను వేళాకోళం ఆడను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు మిర్చి లారీ తోలి మాలిక్ ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కితే కళ్లమ్మట నీళ్లొస్తాయి. రెండేళ్లుగా ఒక్కడూ బండి ఇవ్వలేదు. దీనికి క్లచ్ లేదు, ఆటోమేటిక్. నిన్న స్టీరింగ్ పట్టుకున్నప్పుడు అతని మొహం చూడాలి. మా నిఖా రోజున కూడా అంత వెలగలేదు.

ఫిబ్రవరి 6

సత్తెనపల్లి. మేకు వద్దంటే గరిటెలు నెత్తిన పెట్టుకోవాలా? బజార్లో అంటించే హుక్కులు కొన్నాను. వెనక తెల్ల రబ్బరు పట్టీ, కింద దాని తోక పట్టుకుని లాగితే ఊడి వస్తుంది, మచ్చ కూడా మిగలదట. తొమ్మిది అంటించాను. టీ తాగి వచ్చేసరికి తొమ్మిదీ నేల మీద ఉన్నాయి.

మందుల షాపాయన్ని అడిగాను. బండి ఎక్కడ పెడతారమ్మా అన్నాడు. మిర్చి యార్డులో అన్నాను. ఇంకేం, గోడంతా కారప్పొడేగా, దేనికి అంటుకుంటుంది అన్నాడు. సూది వేసే ముందు రాసే స్పిరిట్ ఇచ్చాడు. తుడిచి, ఆరనిచ్చి, అంటించి, అరనిమిషం బొటనవేలితో నొక్కి, గంట ఆగి అప్పుడు తగిలించాలట. నేను గంటసేపు కుదురుగా కూర్చోవడం టెన్త్ పరీక్షకి వెళ్లినా జరిగేది కాదు. ఇవాళ కూర్చున్నాను.

ఫిబ్రవరి 7

ఒక్కటీ పడలేదు. మలుపు తిరిగినప్పుడల్లా గరిటెలు గజ్జెల్లా మోగుతున్నాయి.

ఫిబ్రవరి 9

వినుకొండ. మాలిక్ తన నీళ్ల సంచి బయటికి తీశాడు. లారీ కాలం నాటి కాన్వాసు సంచి, ఐదు లీటర్లు పడుతుంది. ఫ్రిజ్ నీళ్లు తాగితే అతనికి దాహం తీరదు. మంచం పక్కనున్న తొమ్మిదో హుక్కుకి తగిలించాడు. ప్యాకెట్ మీద కిలో దాకానే అని రాసుందయ్యా అన్నాను. వినలేదు. పడింది, పరుపు తడిసింది. మళ్లీ అంటించి మళ్లీ తగిలించాడు. ఈసారి నేను తడిశాను.

మా లారీలో స్క్రూకి పాతికేళ్లు వేలాడింది అన్నాడు. అయితే ఆ లారీనే చేసుకోకపోయావా అన్నాను.

ఫిబ్రవరి 12, ఉదయం 10

ఊడిన తొమ్మిదో హుక్కు చోట కాటుక పెన్సిల్‌తో చిల్లు గీశాను. మధ్యలో చిక్కటి నలుపు, అంచున వేలితో చెరిపిన బూడిద రంగు. నిజం చిల్లుకి కూడా అంత అందం ఉండదు. అతను టీకి వెళ్లాడు. నేను కోడిమాంసానికి వెళ్తున్నాను. వచ్చేసరికి అతని అరుపు వినుకొండ కొండ దాకా వినపడాలి.

సాయంత్రం 4

అరుపు లేదు.

సంచి గోడకి వేలాడుతోంది. స్క్రూకి.

చిల్లు ఎటూ పడిందిగా, ఊరికే ఎందుకు పోనివ్వాలి అన్నాడు. టూల్ బాక్సులోంచి స్క్రూ తీసి నా చుక్క మీదే బిగించాడు, లారీ మనిషి కదా. పైగా, నా సంచి కోసం నువ్వే పెట్టావనుకున్నాను ఖుర్షిదా అన్నాడు. అలా అన్నప్పుడు కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

అది కాటుకయ్యా అన్నాను.

మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కోడిమాంసం అలాగే ఉంది.

ఫిబ్రవరి 13

స్క్రూ పీకేశాం. పెసరగింజంత చిల్లు. మేడం గారికి ఫోన్ చేసి చెప్పేస్తానన్నాడు. చెప్పి మళ్లీ ఇంట్లో కూర్చుంటావా అన్నాను. ఒకసారి లారీలో ఒక్క మిర్చి బస్తా చిరిగితే, ఎవరూ చూడకపోయినా, యార్డుకి వెళ్లగానే ముందు ఆ సంగతే చెప్పిన మనిషి. ఓనరుకి అబద్ధం చెప్పి బండి తోలలేనన్నాడు. అబద్ధం నువ్వు చెప్పొద్దు, హుక్కు చెబుతుంది అన్నాను.

స్పిరిట్‌తో తుడిచాను. చిల్లు మీద తొమ్మిదో హుక్కు అంటించాను. గంట ఆగి, అతని తస్బీహ్ తీసి దానికి తగిలించాను, అందంగా ఉంటుందని.

నమాజు అయ్యాక ఆ పూసల దండ తీసి జేబులో వేసుకున్నాడు.

ఫిబ్రవరి 14

తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 17

టీలో ఉప్పు వేసి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, కడిగి బోర్లించి వెళ్లాడు. నా బతుకులో ఇంత చప్పగా పోయిన వేళాకోళం ఇంకోటి లేదు.

హుక్కు మాత్రం రాయిలా నిలబడింది.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్నే కోల్డ్ స్టోరేజీ యార్డులో మేడం గారు ఎక్కారు. కళ్లజోడు పెట్టుకుని గోడలన్నీ చూశారు. ఇవన్నీ ఏం పెట్టి కొట్టారు అన్నారు. కొట్టలేదు మేడం, అంటించాను అన్నాను. ఏదీ ఒకటి ఊడదియ్యి, చూద్దాం అన్నారు.

గరిటెల హుక్కు కింద తోక పట్టుకుని, గోడ వెంటే నెమ్మదిగా కిందికి లాగాను. పట్టీ జీడిపాకంలా సాగి సాగి ఊడింది. గోడ అద్దంలా ఉంది. ఆవిడకి సరదా పుట్టింది. జరుగు, నేను తీస్తానన్నారు. తువ్వాళ్లది తీశారు. తాళాలది తీశారు. మందుల సంచిది తీశారు. అరవై దాటిన మనిషి, చిన్నపిల్ల జామకాయలు కోసినట్టు ఒక్కోటీ కోసుకుంటూ మంచం వైపు వస్తున్నారు.

మాలిక్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. తాళంచెవి జేబులోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు, అడిగితే ఇచ్చెయ్యడానికి సిద్ధంగా.

ఆ చెయ్యి చూశాక ఇంక నా వల్ల కాలేదు. మేడం, దాని కింద చిల్లుంది అన్నాను. కాటుక సంగతి, స్క్రూ సంగతి, హుక్కు సంగతి, వరసన చెప్పేశాను. తప్పు నాది, అది కాటుకని అతనికి తెలీదు అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వారు. బల్లి గుడ్లు అయిపోయాయి, ఇప్పుడు కాటుక చిల్లా అన్నారు. ఏదీ, ఏ పెన్సిల్‌తో గీశావో చూపించు అన్నారు. ఇచ్చాను. మూత తీసి చూశారు. తర్వాత తొమ్మిదో హుక్కు తోక పట్టుకుని లాగారు.

చిల్లు కనపడింది.

నవ్వుతూనే కొంగు కొస తడిచేసి రుద్దారు. పోలేదు. ఇంకోసారి రుద్దారు. చిటికెన వేలి గోరు పెట్టి చూశారు. గోరు లోపలికి వెళ్లింది. నవ్వు ఆగిపోయింది.

మాలిక్ వచ్చి తాళంచెవి స్టవ్ మీద పెట్టాడు. నిజమేనండి, స్క్రూ తిప్పింది నా చెయ్యే అన్నాడు. వారం రోజుల తర్వాత అతని గొంతు అంత పెద్దగా విన్నాను.

ఆవిడ చిల్లు వంక చూశారు. తాళం వంక చూశారు. కిటికీ బయట కూలీలు మిర్చి బస్తాలు దించుతున్నారు, అటు చూశారు. ఎండెక్కుతోంది, బండి తియ్యి మాలిక్ అన్నారు.

అంతే. దారిలో చిల్లు ఊసెత్తలేదు. మధ్యాహ్నం నీళ్ల సంచి ఎక్కడా అని అడిగి, ఒక గ్లాసు వంపించుకుని తాగారు. ఉంచుతారో దింపుతారో తెలీదు. మాలిక్ మాత్రం ఈల వేస్తూ తోలాడు. తస్బీహ్ అద్దం దగ్గర ఊగుతోంది.

ఫిబ్రవరి 21, ఉదయం 6, దోర్నాల

టీ పెట్టబోతే స్టవ్ పైన గోడకి కొత్త చిల్లు. చేతిలో గిన్నె జారింది. తడివేలితో రుద్దాను. పోయింది. నా కాటుక పెన్సిల్ మేడం గారి కళ్లజోడు డబ్బాలో ఉంది.