సత్తిబాబు ఊపిరి

ఏవండీ,

ఇవాళ మీ తద్దినం. కోడలు గారెలు వండుతోంది. అంతలో ఎరువుల ఫ్యాక్టరీ నుంచి మన సత్తిబాబుకి ఫోనొచ్చింది, నైట్ షిఫ్టు చేసొచ్చినవాణ్ణి మళ్ళీ రమ్మని. సెల్లు గోడకేసి కొట్టాడు. "ఇంకా అవలేదా నీ వంట?" అంటూ వంటింట్లోకెళ్ళి కోడలి జుట్టు పట్టుకున్నాడు. పక్కనే కాగుతున్న నూనె మూకుడండీ! పోయిన నెల ఇలాగే తలుపుకేసి కొడితే ఆ పిల్ల నుదుటికి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచే డాక్టరు చెప్పాడని రోజూ యోగా చేస్తున్నాడు.

"ఒరే, ఊపిరి! డాక్టరు చెప్పిన ఊపిరి పీల్చరా!" అని అరిచాను.

జుట్టు వదిలేసి, వసారాలోకొచ్చి చతికిలబడి ముక్కు మూసుకున్నాడు. మీరుంటే "ఏంట్రా ఆ వేషాలు?" అని నవ్వేవారు. లోపల కోడలు గడియ పెట్టేసుకుంది.

కాసేపటికి, "అమ్మా, తలుపు తియ్యమను. ఇప్పుడు బానే ఉన్నాను" అన్నాడు.

మీరు కొట్టినప్పుడల్లా మీ అమ్మగారూ ఇలాగే "మొగుడే కదే, తియ్యి" అనేవారు. నేను తీసేదాన్ని.

"తియ్యనా అత్తయ్యగారూ?" అంది కోడలు లోపల్నుంచి.

"వద్దమ్మా" అన్నాను.