కుడి చెవిలో పాట

మంగళవారం, రాత్రి

నిద్ర రావడం లేదు. డ్యూటీ దిగగానే, తక్కువ ధరలో మంచి ఇయర్‌ఫోన్స్ కోసం చౌరస్తాలో ఖాజా సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లాను. మొదటి రెండింటిలో దరువు మోతకు పాడేవాడి గొంతే వినపడలేదు. మూడోది పెట్టుకోగానే వేణువు ఎంత స్పష్టంగా వినిపించిందో! కానీ ఎడమ వైపే.

"కుడిది ఖరాబున్నది ఖాజా," అన్నాను.

అతను తన చెవిలో పెట్టుకుని చూశాడు. "మస్తు మోగుతున్నది గదన్నా." ఆ కుడిదాన్ని నా ఎడమ చెవిలో, ఎడమదాన్ని కుడి చెవిలో పెట్టాడు. కుడి చెవిలో మళ్లీ అదే, గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు.

"మాల్ మంచిదే అన్నా. ఒక్కసారి దవాఖానల చూపించుకో," అన్నాడు మెల్లగా.

కొనుక్కుని వచ్చేశాను. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఇన్నేళ్లూ డ్రిల్లు మిషన్ మోత ఆ చెవి పక్కనే. చూపించుకుంటే మిషన్ మీది నుంచి దింపేస్తారేమో. చూపించుకోకపోతే, వెనక నుంచి వచ్చే డంపర్ హారన్ ఏదో ఒకరోజు వినపడకపోతే...

ఇంట్లో మా అమ్మాయి శ్రావణి, "నేను గూడ వింట నాన్నా," అంటూ కుడి పక్కన చేరి ఒకటి నా కుడి చెవిలో, ఇంకోటి తన చెవిలో పెట్టింది.

"పాట వెనుక చిన్నగ గజ్జెలు మోగుతున్నయ్, ఇనవడ్తున్నయా?"

"ఆఁ, మంచిగ ఇనవడ్తున్నయ్ బిడ్డా."

కాసేపు నా ముఖంలోకి చూసింది. లేచి, వచ్చి నా ఎడమ పక్కన కూర్చుని, నా కుడి చెవిలోది తీసి ఎడమ చెవిలో పెట్టింది.