ఇసుకతిన్నె మీద నాలుగు గూళ్ళు

దేవరాపల్లి దగ్గర, ఏప్రిల్ 2

ప్రియమైన మీకు,

ఇక్కడ ఫోను సిగ్నల్ లేదు. గురువారాలు మా సామాన్లకి చోడవరం వచ్చే జీపు డ్రైవరుతో ఈ ఉత్తరం పంపుతున్నాను. జవాబూ అతనికే ఇవ్వండి.

యాభై ఏళ్ళకి వాలంటీరునవుతానంటే నవ్వారు కదా! పక్షుల మీద పరిశోధన చేస్తున్న సంధ్యారాణిగారికి పడవ నడిపే మనిషి కావాలి. ఈ నీళ్ళ పక్కనే పుట్టినదాన్ని, నాకది వచ్చు. జలాశయంలో నీరు తగ్గి ఇసుకతిన్నె తేలింది. దానిమీద నల్లపొట్ట టర్న్ అనే నీటిపిట్టలు గుడ్లు పెట్టాయి. గూడంటే పుల్ల కూడా ఉండదండీ, ఇసుకలో చిన్న గుంట, అంతే. మొదటిరోజు నేను అడుగు వేయబోతుంటే సంధ్యారాణిగారు చెయ్యి పట్టి లాగారు. చూస్తే కాలి ముందు మూడు గుడ్లు, అచ్చం గులకరాళ్ళే! లోకంలోనే ఇవి కొద్దిగా మిగిలాయట. మాకు నాలుగు గూళ్ళు దొరికాయి. ఏ పిట్ట ఎప్పుడు లేచిందో, ఎప్పుడు కూర్చుందో పడవలోంచి చూసి రాయడం నా పని.

వేళకి తినండి.

మీ నాగవేణి


చోడవరం, అదే రోజు

వేణీ,

జీపులో సామాన్లు ఎక్కేలోగా రాస్తున్నాను. ట్రాక్టరు రిపేరుకొచ్చినవాళ్ళంతా "గణపతీ, మీ ఆవిడ పిట్టల్ని లెక్కెడతందటేటి?" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను. అన్నం రెండుసార్లు మాడింది, మూడోసారి పరవాలేదు. పదిరోజులు చాలవూ? వచ్చెయ్.

నీ గణపతి


ఏప్రిల్ 9

ఏమండీ,

ఒక గూడు పోయింది. అచ్చియ్యమ్మ అని, గట్టు మీది ఊరావిడ. ఆవిడ గేదెలు మోకాలిలోతు నీళ్ళు దాటి తిన్నెమీదికొచ్చి తొక్కేశాయి. తల్లి పిట్ట ఆ గుంట చుట్టూ పొద్దుగూకేదాకా తిరిగింది. అదీ నేనే రాయాల్సి వచ్చింది.

సంధ్యారాణిగారు బతిమాలితే అచ్చియ్యమ్మ, "పిట్టల కోసం నా గేదెలు ఎండకి సావాలేటి? నీళ్ళకి నాకింకో దారేది?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

మిగిలిన గుడ్లు పిల్లలయ్యేదాకా నేను రాలేను. కోప్పడకండి.

మీ నాగవేణి


ఏప్రిల్ 23

ఏమండీ,

మీ జవాబు లేక రెండువారాలు. పోయిన గురువారం మన రిపేరు షెడ్డు మూసుందన్నాడు డ్రైవరు. జ్వరమా? నామీద కోపమా?

ఎందుకో వారంగా గేదెలు ఇటు రావడం లేదు. నిన్న ఉదయం మొదటి పిల్ల బయటికొచ్చింది! ఇసుకరంగు దూదిపింజ. ఇవాళకి అయిదు. ముందు మీకే చెప్పాలనిపించింది. ఈసారీ జవాబు లేకపోతే వచ్చే జీపెక్కి వచ్చేస్తాను.

మీ నాగవేణి


చోడవరం, అదే రోజు

వేణీ,

జ్వరమూ లేదు, కోపమూ లేదు. గూడు పోయిందన్న నీ ఉత్తరం అందిన మర్నాడే బస్సెక్కి అచ్చియ్యమ్మ దగ్గరికెళ్ళాను. "ఈ పక్క రేవుంది బాబూ. దారంతా తుమ్మలు మొలిసిపోయేయి. నువ్వు కొట్టిస్తే ఇటే తోల్తాను, నాకేటి?" అంది. కొట్టించడమెందుకని నేనే కత్తి పట్టాను. రెండోరోజు నుంచి ఆవిడా వచ్చింది. ఆరు రోజులు పట్టింది. ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు వాచిపోయాయి, పెన్ను పట్టలేకపోయాను. పని తేలకుండా నీకు ఆశ పెట్టడమూ ఇష్టంలేకపోయింది.

అయిదు పిల్లలా! షెడ్డులో అందరికీ చెప్పాను. ఈసారి ఎవడూ నవ్వలేదు, ఎంత ఉంటాయని అడిగారు. నువ్వొచ్చి చెప్పాలి. తొందరేం లేదు, అవి ఎగిరాకే రా.

ఆఖరిరోజు గేదెలు కొత్తదారిన నీళ్ళలో దిగాక, గట్టెక్కి మీ తిన్నెవైపు చూశాను. అంత దూరానికి పిట్టలు కంటికి ఆనలేదు. తలకి తువ్వాలు చుట్టుకుని, పడవలో వంగి ఏదో రాసుకుంటున్న మనిషి మాత్రం ఆనింది. కేకేస్తే పిట్టలు లేస్తాయేమోనని పిలవలేదు. ఆఖరి బస్సు హారను కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ గణపతి