ఎర్రయ్య రాయని ‘ది’

1999 నవంబరు, మంగళవారం

ఇక రావద్దని ఎర్రయ్యకు చెప్పేద్దామనుకునే ఈ సాయంకాలం ఇంగ్లీషు క్లాసుకు వెళ్లాను. ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే మనిషి, యాభై దాటాయి. కాలేజీకెళ్లే కూతురితో ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలని వస్తున్నాడు. మూడు వారాలుగా ‘బిగ్గెస్ట్’ ముందు ‘ది’ పెట్టమంటే పెట్టడు. తలకెక్కడం లేదనుకున్నాను.

బోర్డు మీద ‘ఎ రెడ్ అండ్ వైట్ బోట్’ అని, దాని కింద ‘ఎ రెడ్ అండ్ ఎ వైట్ బోట్’ అని రాసి తేడా అడిగాను. కుర్రాళ్లంతా దిక్కులు చూశారు. ఎర్రయ్యే లేచాడు.

“పైది రెండు రంగులేసిన ఒక బోటండి. కిందవి రెండు బోట్లు, మేస్టారూ.”

ఇంత తెలిసినవాడు ఆ ‘ది’ ఎందుకు వదిలేస్తున్నాడు? క్లాసయ్యాక అతని నోటుబుక్కు తెరిచి, ‘ఐ కాట్ బిగ్గెస్ట్ ఫిష్’ అన్న వాక్యం చూపించాను.

“‘ది’ ఎడితే, అన్నిటికన్నా పెద్దది ఇదేనని తేల్సేసినట్టు కదండీ. వల్లో పడిన సేపని మావోలు అలగ అనరు. రేపు ఇంకా పెద్దది పడొద్దేటి?” అని నవ్వాడు.

పద్దెనిమిదేళ్లుగా ఆ ‘ది’ని సూత్రంలా అప్పజెప్పిస్తున్నాను. ఆ చిన్న మాట బరువు తెలిసి, భయపడి పక్కన పెట్టినవాడు ఇతనొక్కడే. ఇతన్నా నేను పంపేయబోయింది? ఇదివరకు ఇంకెందరిని ఇలా...

ఇన్నేళ్లలో విన్న జవాబులన్నిటిలో ఇదే గొప్పదని రాయబోయి, కలం ఆపేశాను. రేపు కూడా క్లాసుంది.